నాన్న ఎప్పుడూ ఆ ముసలాయన పక్షమే

మా ఇంట్లో సినిమాల మీద వాదనలు చాలా జరిగాయి కానీ, ఏళ్ల తరబడి తేలకుండా నడిచింది మాత్రం ఒక్క సినిమా మీదే. ‘రోడ్ టు పర్డిషన్’. 2002లో వచ్చింది. టామ్ హాంక్స్, పాల్ న్యూమన్ నటించారు, శామ్ మెండెస్ తీశాడు. అందరూ దాన్ని గ్యాంగ్‌స్టర్ సినిమా అంటారు. తుపాకులుంటాయి, బ్యాంకు దోపిడీలుంటాయి, చికాగో ముఠా నాయకుడు అల్ కపోన్ మనుషులుంటారు కాబట్టి ఆ మాట తప్పు కాదు. కానీ మా ఇంట్లో దాన్ని ఎవరూ అలా చూడలేదు. మాకది తండ్రుల కథ, కొడుకుల కథ. వాదన కూడా అక్కడే.

డీవీడీ తెచ్చింది నేను, టామ్ హాంక్స్ కోసం. నాన్న వచ్చి కూర్చున్నది పాల్ న్యూమన్ కోసం. కుర్రతనంలో నాన్న ‘బుచ్ కాసిడీ అండ్ ది సన్‌డాన్స్ కిడ్’ చూశారట. 1969 నాటి సినిమా అది. ‘ది స్టింగ్’ కూడా చూశారట. అట్ట మీద పేరు చదివి, “ఆ నీలికళ్లవాడు ఇంకా వేస్తున్నాడా!” అని కుర్చీ దగ్గరికి లాక్కున్నారు. తీరా తెర మీద తెల్లజుట్టుతో, ముడతలు పడ్డ ముఖంతో న్యూమన్ కనిపించగానే, చాలా ఏళ్లకు ఊరొచ్చిన బావమరిదిని చూసినట్టు, “అయ్యో, ముసలాడైపోయాడే” అన్నారు. అప్పటికి న్యూమన్‌కి డెబ్బై ఐదు దాటాయి.

నాన్న జైలు శాఖలో పనిచేశారు. వార్డర్‌గా చేరి హెడ్ వార్డర్‌గా రిటైరయ్యారు. ఇంటికొచ్చాక జైలు మాట ఎత్తేవారు కాదు. ఖాకీ చొక్కా విప్పి మేకుకి తగిలించారంటే ఆ రోజు సంగతులన్నీ ఆ చొక్కా జేబులోనే ఉండిపోయేవి. లోపల ఎవరున్నారు, ఏం చేసి వచ్చారు, ఎలా ఉంటారు అని నేనూ తమ్ముడూ ఎంత గుచ్చి అడిగినా, “మీకెందుకురా అవన్నీ, పుస్తకాలు తియ్యండి” అనేవారు. స్కూల్లో మిగతా పిల్లలు వాళ్ల నాన్నల ఉద్యోగాల గురించి కథలు కథలుగా చెప్పుకుంటుంటే మా దగ్గర చెప్పడానికి ఒక్క ముక్క ఉండేది కాదు.

అందుకే ఆ సినిమాలో మొదటి పావుగంటలోనే వచ్చే ఒక షాట్ నన్ను పట్టేసింది. భోజనానికి రమ్మని నాన్నని పిలవడానికి పెద్ద కొడుకు మేడ మీదికి వెళ్తాడు. పొడవాటి నడవా, చివర సగం తెరిచిన తలుపు. ఆ సందులోంచి తండ్రి వీపు కనిపిస్తుంది. కోటు విప్పుతాడు, జేబుల్లోవి ఒక్కొక్కటీ తీసి పెడతాడు. చివరికి తుపాకీ. అంతే. డైలాగ్ లేదు, సంగీతంతో మనకి ఏదీ గుచ్చి చెప్పడు. కెమెరా పిల్లాడు నిలబడ్డ చోటే నిలబడుతుంది, గదిలోకి ఒక్క అడుగు కూడా వెయ్యదు. తండ్రి పని గురించి ఏమీ తెలియని పిల్లలకి ఆ నడవా బాగా తెలుసు.

కథ తెలియని వాళ్ల కోసం కాస్త చెప్తాను. 1931 చలికాలం. అమెరికాలో మద్యనిషేధం నడుస్తున్న రోజులు. ఇల్లినాయ్ రాష్ట్రంలో, మిసిసిపీ నది ఒడ్డున రాక్ ఐలండ్ అనే ఊరు. అక్కడ ఐరిష్ ముఠాకి పెద్ద జాన్ రూనీ. ఆ వేషం న్యూమన్‌ది. అనాథగా తిరుగుతున్న మైక్ సలివన్‌ని చేరదీసి పెంచాడు. పెరిగిన సలివన్ రూనీ తరఫున మనుషుల్ని చంపే పని చేస్తుంటాడు. ఈ వేషం హాంక్స్‌ది. రూనీకి సొంత కొడుకొకడున్నాడు, కానర్. అప్పటికింకా పెద్దగా పేరులేని డేనియల్ క్రెయిగ్ వేశాడు. సలివన్‌కి ఇద్దరు కొడుకులు, మైకేల్, పీటర్. నాన్న ఏం ఉద్యోగం చేస్తాడో వాళ్లిద్దరికీ తెలియదు.

తెలుసుకోవాలని మైకేల్ ఒక వాన రాత్రి తండ్రి కారు వెనక సీటు కింద దాక్కుంటాడు. గోడౌన్ తలుపు కింది సందులోంచి చూస్తాడు. కానర్ ఒక మనిషిని కాల్చేస్తాడు, ఆ వెంటనే తన తండ్రి మెషిన్ గన్‌తో మిగతా వాళ్లని కాల్చేస్తాడు. పిల్లాడు చూశాడన్న సంగతి కానర్‌కి తెలిసిపోతుంది. ఇక అక్కడి నుంచి మొత్తం కూలడం మొదలవుతుంది. సలివన్‌ని చంపించడానికి అతని చేతికే ఉత్తరమిచ్చి వేరే చోటికి పంపి, ఇటు కానర్ ఇంటికొచ్చి తల్లినీ, మైకేల్ అనుకుని చిన్నవాడు పీటర్‌నీ చంపేస్తాడు. ప్రాణాలతో బయటపడ్డ తండ్రీ పెద్దకొడుకూ కారెక్కి పారిపోతారు. ఆరు వారాల ప్రయాణం.

ఆ హత్య జరిగిన రాత్రి ఒక చిన్న సంగతి ఉంది. మైకేల్ సైకిల్ మీద ఇంటికొస్తాడు. కానర్ పని ముగించుకుని బయటికి రాబోతూ అద్దాల తలుపు ముందు ఆగుతాడు. వాడికి అద్దంలో తన ముఖమే కనిపిస్తుంది. బయట చీకట్లో, మూరెడు దూరంలో పిల్లాడు నిలబడి ఉంటాడు. లోపల లైటు వెలుగుతోంది కాబట్టి వాడికి ఏమీ కనపడదు. తన ముఖం తాను చూసుకోవడం వల్ల వాడు చంపాల్సినవాడిని చూడలేకపోతాడు, పిల్లాడు బతికిపోతాడు. అమ్మ ఆ రాత్రి ఇక్కడే లేచి వెళ్లిపోయింది. వెళ్తూ వెళ్తూ, “ఆ తల్లికి కనీసం నాలుగు మాటలైనా ఇవ్వలేదు, చంపెయ్యడానికే పెట్టుకున్నట్టుంది” అంది. నిజమే. జెనిఫర్ జేసన్ లీ అంత మంచి నటిని తీసుకుని వంటింట్లో నిలబెట్టి వదిలేశారు. ఈ సినిమా మీద నాకున్న పెద్ద ఫిర్యాదు ఇదే, ఇప్పటికీ.

ఇక మా గొడవ.

రూనీకి విషయం తెలిసిన సీన్. కొడుకుని చూస్తూనే మీదపడి కొడతాడు. ముసలి చేతులు, పిడికిళ్లతో కొడుతూనే ఉంటాడు. నువ్వు పుట్టిన రోజుని శపిస్తున్నానంటాడు. కానర్ ఎదురు తిరగడు, చేతులు అడ్డం పెట్టుకుంటాడు. కొట్టి కొట్టి ఆయాసపడి, అదే చేతుల్తో కొడుకు తలని లాక్కుని గుండెలకి హత్తుకుంటాడు. ఆ కొట్టడానికీ ఆ హత్తుకోవడానికీ మధ్య న్యూమన్ ముఖంలో ఏ మార్పూ ఉండదు. కోపం చల్లారి ప్రేమ పుట్టడం కాదది. రెండూ ఒకేసారి ఉన్నాయి.

నాన్న రిమోట్ అడిగి, ఆ సీన్ వెనక్కి తిప్పి మళ్లీ చూశారు.

నాకేమో మండిపోయింది. “ఇదేం న్యాయం నాన్నా? తల్లినీ బిడ్డనీ చంపినవాణ్ని పట్టుకుని కావలించుకుంటాడా? సలివన్ కూడా వాడు పెంచిన కొడుకే కదా?” అన్నాను.

“పెంచిన కొడుకే. అయితే?”

“అయితే కానర్‌ని అప్పగించాలి.”

నాన్న నావైపు తిరిగి, “ఎలా అప్పగిస్తాడురా?” అన్నారు. జవాబు నా దగ్గర నిజంగానే ఉంటుందేమో అన్నట్టు అడిగారు.

నేను అప్పగించాల్సిన కారణాలన్నీ చెప్పాను. కానర్ దొంగ, తండ్రి సొమ్మే కాజేస్తున్నాడు, చచ్చినవాళ్ల పేర్ల మీద లెక్కలు రాసి డబ్బు నొక్కేస్తున్నాడు. సలివన్ ఆ కాగితాలు తెచ్చి రూనీకి చూపిస్తాడు కూడా, చర్చి నేలమాళిగలో. రూనీ ఏమంటాడు? ఈ గదిలో ఉన్నవాళ్లంతా హంతకులే, ఇది మనం ఎంచుకున్న బతుకు, మనలో ఎవరూ స్వర్గం మొహం చూడరు అంటాడు. నా కొడుకు చూడొచ్చు అంటాడు సలివన్. అయితే వాణ్ని తీసుకుని వెళ్లిపో, బతిమాలుతున్నాను, వెళ్లిపో అంటాడు రూనీ. నేను వెళ్లిపోతే నువ్వేం చేస్తావని సలివన్ అడిగితే, పోగొట్టుకున్న కొడుకు కోసం ఏడుస్తాను అంటాడు. కానర్ దొంగతనం గురించి రూనీకి కాగితాలు చూడకముందే తెలుసని మనకక్కడ అర్థమవుతుంది. తెలిసీ వదల్లేదు.

“చూశావా, తెలుసు,” అన్నారు నాన్న. “తెలిసినంత మాత్రాన?”

ఆ రాత్రికి వాదన అక్కడ ఆగింది. ఆ తర్వాత ఎన్నోసార్లు మొదలైంది. టీవీలో వచ్చినప్పుడల్లా మొదలయ్యేది. నేను సలివన్ పక్షం, నాన్న రూనీ పక్షం, తమ్ముడు ఎటూ కాదు, వాడికి ప్రయాణం ఇష్టం.

ప్రయాణం ఎవరికి ఇష్టం ఉండదు! సినిమా మధ్యలో ఒక్కసారిగా తేలికపడే భాగం అది. తండ్రి కొడుక్కి కారు నడపడం నేర్పిస్తాడు. గేర్లు కిర్రుమంటాయి, కారు ఎగిరెగిరి పడుతుంది, ఎప్పుడూ నవ్వని సలివన్ ముఖంలో ఏదో కదులుతుంది. కపోన్ ముఠా బ్యాంకుల్లో దాచుకున్న డబ్బుని దోచుకుంటూ పోతారు. మిగతా జనం సొమ్ము ముట్టుకోరు. బయట కారులో డ్రైవరు సీట్లో పన్నెండేళ్ల పిల్లాడు. ఒక హోటల్లో తింటూ కుర్రాడు తన వాటా అడుగుతాడు. ఎంత కావాలి అంటాడు తండ్రి. రెండొందల డాలర్లు అంటాడు వీడు. సరే, ఖాయం అంటాడు తండ్రి. కుర్రాడు కాసేపు తిని, అనుమానం వచ్చి, ఇంకా ఎక్కువ అడిగుంటే ఇచ్చేవాడివా అంటాడు. అది నీకెప్పటికీ తెలియదు అంటాడు తండ్రి.

నాన్న పగలబడి నవ్వారు. ఆ సీన్ మా ఇంట్లో సామెతయిపోయింది. మేం ఏదడిగినా నాన్న ఒక్కమాటతో సరే అనేస్తే, తమ్ముడు నా చెవిలో “ఇంకొంచెం అడగాల్సింది” అనేవాడు. నాన్నకి వినపడేది. “అది నీకెప్పటికీ తెలియదు” అనేవారు పేపర్లోంచి తలెత్తకుండా.

ఇప్పుడొక కష్టమైన సీన్ గురించి రాయాలి.

సలివన్‌కి బుల్లెట్ తగిలి, ఒక ముసలి రైతు దంపతుల ఇంట్లో కోలుకుంటుంటాడు. ఒక రాత్రి కొడుక్కి నిద్ర పట్టదు. తండ్రి బల్ల దగ్గర లెక్కలు చూసుకుంటుంటాడు. ఇద్దరూ స్కూలు గురించి, ఇష్టమైన పాఠాల గురించి మాట్లాడుకుంటారు. ఒక తండ్రి తన కొడుక్కి ఏ సబ్జెక్టు ఇష్టమో మొట్టమొదటిసారి తెలుసుకుంటున్నాడు, అదీ భార్యా చిన్నకొడుకూ చచ్చిపోయాక. అప్పుడు మైకేల్ అడుగుతాడు. నీకు నాకంటే పీటర్ అంటేనే ఎక్కువ ఇష్టమా అని. లేదు, ఇద్దరినీ సమానంగానే ప్రేమించాను అంటాడు తండ్రి. మరి నాతో వేరేగా ఉండేవాడివి అంటాడు పిల్లాడు. సలివన్ తడబడతాడు. పీటర్ మెత్తటి పిల్లాడు, నువ్వు నాలా ఉంటావు, నువ్వు నాలా అవ్వకూడదనుకున్నాను అంటాడు.

మా ఇంట్లో పెద్దవాడిని నేను. తిట్లు నావి, దెబ్బలు నావి, మార్కుల లెక్కలు నావి. నాన్న ఒళ్లో కూర్చుని అన్నం తిన్నది తమ్ముడు. పదేళ్లొచ్చినా నాన్న భుజం మీద ఎక్కేవాడు. నేను గడప ఇవతల నిలబడి చూసేవాణ్ని. ఎవరితోనూ అనలేదు ఎప్పుడూ. అలాంటివి అనుకునే ఇల్లు కాదు మాది.

ఆ సీన్ నడుస్తున్నంతసేపు నేను తెర మీంచి చూపు తిప్పలేదు. అవతల నాన్న కుర్చీలో కదిలిన చప్పుడు వినిపించింది. తమ్ముడు మాత్రం చాప మీద బోర్లా పడుకుని, తల తిప్పి ఎంత మామూలుగా అడిగాడో. “నాన్నా, మరి మీకు మా ఇద్దర్లో ఎవరంటే ఇష్టం?”

“సినిమా చూడరా,” అన్నారు నాన్న.

కాసేపాగి, ఎవరితో అంటున్నారో తెలియకుండా, “ఆ పిల్లాడు అడగ్గలిగాడు, అదీ గొప్ప” అన్నారు. ఆ మాట నాకేనని నేను అనుకున్నాను. ఇప్పటికీ అదే అనుకుంటున్నాను. ఇంతకంటే ఎక్కువ ఆయన ఎప్పుడూ చెప్పలేదు, నేను ఎప్పుడూ అడగలేదు. నాకు అది చాలింది. మర్నాటి నుంచి ఏదో మారిపోయిందని చెప్పను గానీ, నాన్న గట్టిగా కసిరినప్పుడు లోపల ఇదివరకటిలా కాలేది కాదు. ఈయన నాలో ఏం చూసి భయపడుతున్నాడు అనిపించేది.

సినిమా ఎవరు ఎలా తీశారన్న సంగతులు తర్వాత ఒక్కొక్కటిగా చదివి తెలుసుకున్నాను. దానికి మూలం 1998లో వచ్చిన గ్రాఫిక్ నవల. రాసింది మాక్స్ అలన్ కాలిన్స్, బొమ్మలు వేసింది రిచర్డ్ పియర్స్ రేనర్. రాక్ ఐలండ్‌లో నిజంగానే జాన్ లూనీ అనే ముఠా నాయకుడుండేవాడు. లాయరు, సొంతంగా పత్రిక నడిపి జనాన్ని బెదిరించి డబ్బు గుంజేవాడు. అతని కొడుకు పేరు నిజంగానే కానర్. 1922లో నడివీధిలో జరిగిన కాల్పుల్లో ఆ కానర్ చనిపోయాడు. సినిమాకి లూనీని రూనీ చేశారు. ఇది చదివి నాన్నకి చెప్తే, “అయితే తండ్రి బతికుండగానే కొడుకు పోయాడన్నమాట” అన్నారు. ముఠాల గురించీ పత్రిక గురించీ ఒక్క ప్రశ్న వెయ్యలేదు. ఆయనకి అందులో పట్టింది అదొక్కటే.

కెమెరామన్ కాన్రాడ్ హాల్ గురించి చెప్పకుండా ఉండలేను. ‘బుచ్ కాసిడీ’కి ఫొటోగ్రఫీ చేసి మొదటి ఆస్కార్ తీసుకున్నది ఆయనే. అంటే నాన్న కుర్రతనంలో చూసిన న్యూమన్ ముఖాన్నీ, ముప్పై ఏళ్ల తర్వాత మా టీవీలో చూసిన ముఖాన్నీ తీసింది ఒకే మనిషి. సంకెళ్లతో రోడ్డు పని చేసే ఖైదీల కథ, 1967 నాటి ‘కూల్ హాండ్ లూక్’ ఉంది కదా, అందులోనూ న్యూమనే, కెమెరా హాలే. ‘రోడ్ టు పర్డిషన్’కి ఆరు ఆస్కార్ నామినేషన్లు వచ్చాయి. గెలిచింది ఒక్కటే, హాల్ ఫొటోగ్రఫీకి. కానీ 2003 జనవరిలోనే ఆయన చనిపోయాడు. మార్చిలో జరిగిన వేడుకలో ఆయన బదులు స్టేజీ ఎక్కి ఆ బొమ్మ అందుకున్నది ఆయన కొడుకు. అతనూ కెమెరామనే, పేరు కూడా కాన్రాడ్ హాలే. సంగీతం ఇచ్చిన థామస్ న్యూమన్ కూడా హాలీవుడ్ పాతతరం సంగీత దర్శకుడు ఆల్ఫ్రెడ్ న్యూమన్ కొడుకు. తండ్రి చేసిన పనిలోకే దిగిన కొడుకులు ఈ సినిమా వెనకాల ఇంతమంది ఉన్నారని తెలిసినప్పుడు నాకు చాలా సంతోషం వేసింది.

హాల్ పనితనం మొత్తం కుప్పపోసినట్టుండేది వాన సీన్‌లో. రాత్రి, ఖాళీ వీధి. రూనీ బాడీగార్డులతో కారు దగ్గరికి వస్తాడు. డ్రైవరు అప్పటికే చచ్చిపోయి ఉంటాడు. చీకట్లోంచి మెషిన్ గన్ మంటలు కనపడతాయి, మనుషులు ఒక్కొక్కరే పడిపోతుంటారు, కానీ తుపాకీ చప్పుడు ఉండదు. సంగీతం మాత్రమే. రూనీ వెనక్కి తిరిగి చూడడు. కారు తలుపు దగ్గర అలాగే నిలబడతాడు, టోపీ అంచు నుంచి నీళ్లు కారుతుంటాయి. తెలుసు ఎవరో. అందరూ పడిపోయాక సలివన్ దగ్గరికొస్తాడు. నువ్వే అయినందుకు సంతోషం అంటాడు రూనీ. అప్పుడు మాత్రం తుపాకీ చప్పుడు చెవులు పగిలేలా వినిపిస్తుంది.

ఈ సీన్ దగ్గర నాన్న నన్ను చూసి, “మీవాడు గెలిచాడు, సంతోషమేనా?” అన్నారు. సంతోషం లేదు. సలివన్ ముఖంలోనూ లేదు.

న్యూమన్‌కి ఉన్న ఒక్కగానొక్క కొడుకు స్కాట్ 1978లో మాదకద్రవ్యాల వల్ల చనిపోయాడు. న్యూమన్ 2008లో పోయినప్పుడు పత్రికల్లో వచ్చిన వ్యాసాల్లో ఆ సంగతి చదివాను. నటనకీ దానికీ ముడిపెట్టడం నాకు ఇష్టం లేదు. ఆయన గొప్ప నటుడు, ఏ బాధా లేకపోయినా ఆ సీన్ అలాగే చేసుండేవాడు. అయినా కొట్టి హత్తుకునే ఆ సీన్‌ని ఆ తర్వాత ఇదివరకటిలా చూడలేకపోయాను. రిటైరై ఇంట్లో ఉన్న నాన్నకి చెప్పాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, అన్నేళ్లలో మొట్టమొదటిసారి జైలు మాట ఎత్తారు.

“ములాఖత్ రోజున చూడాలిరా. పొద్దున్నే వచ్చి గేటు బయట కూర్చునేవాళ్లు ముసలాళ్లు. జాలీకి ఇవతల నిలబడి, లోపల కొడుకు కనపడగానే తిట్టేవాళ్లు. పరువు తీశావు, మీ అమ్మని చంపేశావు అని. టైము అయిపోయిందని మేం బెల్లు కొట్టేసరికి తిట్లు ఆపి, అన్నం తింటున్నావా అని అడిగేవాళ్లు. మళ్లీ వారం మళ్లీ వచ్చేవాళ్లు. కొడుకు తప్పు చెయ్యలేదని ఒక్కడూ అనేవాడు కాదు, రాకుండానూ ఉండేవాడు కాదు.”

తండ్రులని చూడటానికి కొడుకులు వచ్చేవారా అని అడిగాను. “తక్కువ,” అన్నారు. చొక్కా జేబులో ముప్పై ఏళ్లకు పైగా దాచుకున్నదంతా ఆ నాలుగు వాక్యాలే. ఇంకా చెప్పమంటే చెప్పలేదు.

ఆ రోజు నుంచి నేను రూనీ మీద గట్టిగా మాట్లాడటం తగ్గించాను. పక్షం మాత్రం మారలేదు. ఇప్పుడు నాకూ కొడుకున్నాడు. అందరూ అంటారు, బిడ్డ పుడితే రూనీ అర్థమవుతాడని. నాకు ఇంకా ఎక్కువ అర్థమైంది సలివనే. కొడుకు తనలా కాకూడదన్న ఒకే ఒక్క కోరికతో ఆరు వారాలు బతికిన మనిషి. చివరికి సముద్రంలా కనిపించే ఆ సరస్సు ఒడ్డున తెల్లటి ఇంట్లో, వెంటాడుతూ వచ్చిన హంతకుడు వెనక నుంచి కాల్చినప్పుడు, కొడుకు తుపాకీ పట్టుకుని నిలబడతాడు. కాల్చలేడు. ప్రాణం పోతున్న తండ్రే ఆ పని చేసేస్తాడు. నా వల్ల కాలేదు అని పిల్లాడు ఏడుస్తుంటే, తెలుసు అంటాడు తండ్రి. కొడుకు ఓడిపోయాడని సంతోషంతో చచ్చిపోయిన తండ్రిని నేను ఇంకే సినిమాలోనూ చూడలేదు. జూడ్ లా వేసిన ఆ హంతకుడి పాత్ర, శవాల ఫొటోలు తియ్యడం, ఆ నాటకీయత నాకు పెద్దగా నచ్చవు గానీ, ఈ ఒక్క నిమిషం కోసం వాడు కావాల్సి వచ్చాడు.

కిందటి సెలవుల్లో మావాడు, ఇంటర్ చదువుతున్నాడు, మా ఇద్దరి వాదన ఏళ్లుగా వింటున్నాడు కదా, తనూ చూస్తానన్నాడు. ముగ్గురం కూర్చున్నాం. మధ్యలో ఒక్క మాట మాట్లాడలేదు. అయ్యాక నాన్న చాలా ఆశగా అడిగారు, “ఏరా, ఎవరి పక్షం?”

“కానర్,” అన్నాడు.

నేను ఉలిక్కిపడ్డాను. తల్లినీ పిల్లాణ్నీ చంపినవాడికి పక్షమేమిటని కసరబోయాను. నాన్న చెయ్యెత్తి నన్ను ఆపారు.

“వాడు చేసింది తప్పు కాదనట్లేదు తాతయ్యా. కానీ ఆ చావింట్లో చూడండి, అందరి ముందూ వాళ్ల నాన్న పియానో దగ్గర సలివన్‌ని పక్కన కూర్చోబెట్టుకుంటాడు. ఇద్దరూ కలిసి వాయిస్తారు, నవ్వుకుంటారు. కానర్ దూరంగా నిలబడి చూస్తుంటాడు. మీటింగ్‌లో అందరి ముందు క్షమాపణ చెప్పిస్తాడు, బల్ల గుద్ది మళ్లీ చెప్పమంటాడు. మైకేల్ అడుగుతాడు కదా కానర్‌ని, ఎప్పుడూ ఎందుకు నవ్వుతుంటావని. వాడు నవ్వేది ఇంకేం చెయ్యాలో తెలియక.”

ఆ పియానో వాయించింది న్యూమన్, హాంక్స్ నిజంగానే. ఆ రెండు నిమిషాలూ నాకు సినిమాలోకెల్లా ఇష్టం. ఎన్నోసార్లు చూశాను. చూసిన ప్రతిసారీ ఆ ఇద్దరి వేళ్లనే చూశాను, వాళ్ల ముఖాలనే చూశాను. దూరంగా నిలబడ్డవాడి వైపు నుంచి ఆ గదిని చూడటం నాకెప్పుడూ తట్టలేదు. అందులోనూ గడప ఇవతల నిలబడి చూసిన పెద్దకొడుకుని నేను.

నాన్న చాలాసేపు ఆలోచించి, “పాపమేరా వాడు. అందుకే కదా ముసలాయన వదల్లేకపోయాడు” అన్నారు.

“వదల్లేదు, సరే. మరి అంతకుముందు ఎందుకు దగ్గరికి తీసుకోలేదు తాతయ్యా?”

నాన్న నావైపు చూశారు, నేను ఆయనవైపు చూశాను. మావాడు మాత్రం వదిలిపెట్టలేదు. చర్చి సీన్ పెట్టమన్నాడు, అక్కడ రూనీ అన్న మాటలు తనకి అనుకూలమేనన్నాడు. నాన్న కాదన్నారు. రాత్రి పన్నెండు దాటాక కూడా తాతా మనవళ్లు రిమోట్ కోసం పెనుగులాడుతుంటే, అమ్మ లోపలి నుంచి కేకేసింది, ఆ చంపుకునేవాళ్ల సినిమా ఇక ఆపండర్రా అని.